న్యూయార్క్ మేయర్ గ్రేస్ పక్షుల రెట్ట అమ్మి గడించాడా?

ప్రశ్న (ఆకివీడు):
విలియం రస్సెల్ గ్రేస్ మీద ఊరి గ్రంథాలయంలో ఇరవై నిమిషాలు మాట్లాడాలండి. 1832లో ఐర్లాండ్‌లో పుట్టి, పెరూ వెళ్లి, చివరికి న్యూయార్క్ మేయరయ్యాడు. డబ్బంతా అప్పట్లో ఎరువుగా అమ్ముడుపోయిన పక్షుల రెట్ట మీదే వచ్చిందంటారు, నిజమేనా? మన కొల్లేటి రెట్టకి ఆ గిరాకీ ఎందుకు లేదని అడిగితే ఏం చెప్పాలి?

జవాబు (కాకినాడ):
మొదటి సంపాదన రెట్టలో కాదండి, రెట్ట కోసం కాచుకున్న ఓడల్లో. పెరూలోని కయావో రేవులో బ్రైస్ గారి కొట్లో చేరి భాగస్తుడయ్యాడు. తాళ్లు, తెరచాప గుడ్డ, తారు, ఉప్పుమాంసం ఓడలకు సర్దడం వాళ్ల పని. రెట్ట తవ్వే చించా దీవులేమో అక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. ఆ దీవుల్లో మంచినీటి చుక్క లేదు, గడ్డిపోచ మొలవదు. ఓడలు వంతు కోసం నెలల తరబడి లంగరేసుకుని ఉండేవి. గ్రేస్ ఓ సరుకుల ఓడనే తెచ్చి వాటి పక్కన నిలబెట్టాడు. కాకినాడలో ఒడ్డుకి దూరంగా ఆగిన ఓడలకి పడవల మీద సరుకు చేరేసేవాళ్ల పనే ఇది.

జవాబు (భీమవరం):
రెట్టలో నత్రజని ఎక్కువగా యూరిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. తడి తగిలిందా, అమ్మోనియాగా మారి కొంత గాలికి, కొంత నీళ్లకి పోతుంది. చించాలో చల్లటి సముద్ర ప్రవాహం వల్ల వానే ఉండదు, అందుకే కొన్నిచోట్ల తాడిచెట్టంత ఎత్తు పేరుకుంది. మనకి ఏటా 1,000 మిల్లీమీటర్ల పైనే వాన. పైగా కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాకలో పక్షుల గూళ్లు చెట్ల మీద, ఇనుప స్టాండ్ల మీద. రెట్ట తిన్నగా నీళ్లలోకే.

కూలీల మాట మాత్రం వదలకండి. చైనా నుంచి ఒప్పందం మీద తెచ్చినవాళ్లు గట్టిపడ్డ రెట్టని గడ్డపారలతో పొడిచి, కొండ అంచు నుంచి గుడ్డ గొట్టాల్లో ఓడలోకి జార్చేవారు. ఆ దుమ్ముకి కళ్లు మండిపోయేవి, ఊపిరాడేది కాదు. ఆ ఓడల వ్యాపారం నిలబడింది వాళ్ల చాకిరీ మీదే.

జవాబు (రాజోలు):
మేయర్‌గా రెండుసార్లు: 1881–82, 1885–86. న్యూయార్క్‌కి తొలి రోమన్ కాథలిక్ మేయర్ ఆయనే. 1880 ఎన్నికల్లో మతం మీద గట్టి దాడే జరిగింది, స్వల్ప తేడాతో గట్టెక్కాడు. అప్పుడు వెనకున్న టామనీ హాల్ అనే న్యూయార్క్ డెమోక్రాట్ల వర్గాన్నే 1884లో ఎదిరించి గెలిచాడు. స్వేచ్ఛా విగ్రహం ముక్కలుగా పెట్టెల్లో వచ్చిన 1885 జూన్‌లోనూ, ఆవిష్కరించిన 1886 అక్టోబరు 28నా మేయర్ ఆయనే.

ఇక్కడ చాలామంది తప్పేది ఒకటుంది. పెరూ అప్పులకి బదులు రైళ్లు అప్పగించిన గ్రేస్ ఒప్పందం 1890 నాటిది, అది నడిపింది తమ్ముడు మైకేల్. దాన్ని తెచ్చి మేయర్ పదవికి ముందు చెప్పకండి.