ఇండక్షన్ (ఆపరేషన్‌కి మత్తు ఇవ్వడం) తర్వాత బీపీ పడిపోతుందని ముందే పసిగట్టడం ఎలా?

మూడో ఏడాది పీజీ:
బైపాస్ కేసు. 68 ఏళ్ల పెద్దాయన, ఈఎఫ్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి నెట్టే రక్తం శాతం) 35. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు, ఆ రోజు పొద్దున మాత్రం వేసుకోలేదు. టేబుల్ మీద ముందుగా ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీని క్షణక్షణం చూపే గొట్టం) పెడితే 152/84 చూపించింది. హమ్మయ్య, కాస్త తగ్గినా ఫరవాలేదనుకున్నాను. నొప్పి తగ్గించే ఫెంటానిల్ అయ్యాక మత్తుమందు ప్రొపొఫాల్ 60 మిల్లీగ్రాములు ఇచ్చాను. అర నిమిషమైనా ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నారు. సర్జన్ అటు చూస్తే గడియారం, ఇటు చూస్తే నన్ను. ఇంకో 40 ఇచ్చేశాను.

శ్వాసనాళంలో ట్యూబ్ వేసేటప్పుడు బీపీ బాగానే ఉంది. టేపు అంటిస్తుండగా మీన్ (సగటు బీపీ) 70, 61, 54... చివరికి 46. ఫినైల్‌ఎఫ్రిన్ అనే బీపీ పెంచే మందు రెండుసార్లు ఇచ్చి, అలాంటిదే నారడ్రినలిన్ కూడా మొదలుపెట్టాక గానీ తేరుకోలేదు. ఈసీజీ మారలేదు, పెద్దాయన బాగై ఇంటికి వెళ్లారు. నాకే ఇంకా ఆ అంకెలు కళ్ల ముందు తిరుగుతున్నాయి. ముందే తెలిసే దారి ఉందా? ఐవీసీ (కింది ఒంటి నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర) స్కాన్ చేసి ఉంటే దొరికేదా?

ఓటీ పాతకాపు:
తమ్ముడూ, ముందు ఇది చెప్పు. ముందురోజు రాత్రి వార్డులో బీపీ ఎంత?

మూడో ఏడాది పీజీ:
ఇప్పుడే కేస్ షీట్ తీసి చూశాను సర్. 116/68.

ఓటీ పాతకాపు:
అదీ సంగతి. టేబుల్ మీద మీన్ 107 చూసి ధీమాగా ఉన్నావు. ఆయన అసలు మీన్ 84. మిగతాదంతా భయం. ప్రొపొఫాల్ మొట్టమొదట తీసేసేది ఆ భయాన్నే. నీరసించిన గుండె సింపథెటిక్ నరాల (గుండెని ఉరికించి, నాళాల్ని బిగించేవి) బలం మీదే బండి లాగిస్తుంటుంది. అది తగ్గి, సిరలు వదులై, పైగా వెంటిలేటర్ ఒత్తిడికి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గితే ఇంకేం మిగులుతుంది?

మాత్ర పొద్దున ఆపామని సంబరపడకు. టెల్మిసార్టాన్ హాఫ్ లైఫ్ (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) ఇంచుమించు 24 గంటలు. ముందురోజుది ఒంట్లోనే ఉంది.

ఇక ఆ రెండో డోసు. నన్నడిగితే అసలు తప్పు అక్కడే. ఈఎఫ్ తక్కువున్నవాళ్లలో చేతి నరంలో వేసిన మందు మెదడుకి చేరడానికే ఆలస్యమవుతుంది. నిమిషం దాటినా ఆశ్చర్యం లేదు. మొదటి 60 దారిలో ఉండగానే వెనకే 40 పంపావు. రెండూ కలిసి దిగాయి. ట్యూబ్ వేసేటప్పుడు బాగుందన్నావే, అది లారింగోస్కోప్ (ట్యూబ్ వేయడానికి గొంతు తెరిచి చూసే పరికరం) రాపిడికి లేచిన బీపీ. దాన్ని నమ్మకూడదు. ట్యూబ్ పడ్డాక కోత పెట్టేదాకా ఒంటికి తగిలే నొప్పంటూ పెద్దగా ఉండదు. కేసులు జారేది ఎక్కువగా ఆ నిశ్శబ్దంలోనే.

అయోర్టిక్ స్టెనోసిస్ (గుండె నుంచి రక్తం బయటికెళ్లే కవాటం ఇరుకవడం) అయితే ఇంత తీరిక కూడా ఉండదు. డయాస్టోలిక్ (బీపీలో కింది అంకె) పడితే దళసరి గుండె కండకి రక్తం అందదు, కండ నీరసిస్తే బీపీ ఇంకా పడుతుంది. అలాంటి కేసుల్లో నేను ఫినైల్‌ఎఫ్రిన్ పంపుకి ఎక్కించి, సన్నగా నడిపిస్తూనే మత్తు మొదలుపెడతాను. భయస్తుడంటే అననీ.

ప్రోబ్ పట్టిన చెయ్యి:
ఐవీసీ గురించి నాదో మాట. రోగి సొంతంగా ఊపిరి పీల్చేటప్పుడు ఐవీసీ సగం దాకా ముడుచుకుంటుంటే రక్తనాళాల్లో నిండుదనం తక్కువని అనుమానించవచ్చు, అలాంటివారికి ఇండక్షన్‌లో బీపీ పడే అవకాశం ఎక్కువ. కానీ ట్రైకస్పిడ్ (గుండె కుడివైపు కవాటం) లీక్ ఉన్నా, కుడి గుండె నీరసించినా అది ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది. మీ పెద్దాయనకి స్కాన్ చేసినా బహుశా నిండుగానే కనిపించేది, మీరు ఇంకాస్త ధైర్యంగా మందు ఇచ్చేవారు! నాళాల బిగువు ఎంత మిగిలిందో అది చెప్పదు. నేనైతే ప్రోబ్ పట్టుకున్నప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో కూడా ఓసారి చూసేస్తాను.

మానిటర్ మనిషి:
మరి ఆర్టీరియల్ వేవ్ చదివి హైపోటెన్షన్ (బీపీ పడిపోవడం) వస్తుందని ముందే చెప్పే ఇండెక్స్ ఉందిగా? 0 నుంచి 100 దాకా అంకె, 85 దాటితే అలారం.

ఓటీ పాతకాపు:
వాడి చూశాను. నెమ్మదిగా జారే కేసులో పనికొస్తుంది. అయితే ఆ సమయానికి మీన్ ఎంతుందో దాన్నే వేరే అంకెలో చెబుతోందన్న విమర్శ కూడా ఉంది, నాకూ చాలాసార్లు అలాగే అనిపించింది. ఇండక్షన్ సంగతి వేరు. నీ చేతిలో ఉన్న సిరంజిలో ఇంకా ఎంత మందుందో, ఎప్పుడు నొక్కుతావో ఆ పెట్టెకి ఎలా తెలుస్తుంది?

మూడో ఏడాది పీజీ:
నిన్న ఈఎఫ్ 30 కేసు వచ్చింది సర్. ముందురోజు బీపీ ఓ కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించాను. నారడ్రినలిన్ లైన్‌కి కలిపి సిద్ధంగా పెట్టాను. ప్రొపొఫాల్ 30 ఇచ్చి, సిరంజి ట్రేలో పెట్టేసి, సెకన్ల ముల్లు చూస్తూ నిలబడ్డాను. సర్జన్ రెండుసార్లు దగ్గారు. 75వ సెకనుకి రెప్పలు వాలాయి. మీన్ 68 కంటే కిందికి పోలేదు.