ఖేళ్ అంటే ఒప్పు, నాచ్ అంటే తప్పు: సోలాపూర్ వరాత్‌లో విన్న మాట

అందరికీ నమస్కారం. మాది సోలాపూర్. మగ్గం పని కోసం మా ముత్తాతలు పాలమూరు వైపు నుంచి ఇక్కడికొచ్చారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. రెండు భాషల్లోనూ ఒకే పనికి వాడే మాటలు కనిపిస్తే పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈసారి మీ ముందు పెడుతున్న మాట: నాచ్, మరాఠీలో డ్యాన్స్ అని.

కొన్నేళ్ళ కిందట మా స్నేహితురాలి తమ్ముడి పెళ్ళయింది. సాయంత్రం వరాత్ బయల్దేరింది. తెలంగాణలో బరాత్ అనేదీ ఇదీ ఒకటే, రెండూ వరయాత్ర నుంచి వచ్చినవే. హల్‌గీ మోగుతోంది. మన పలకలాంటి వాయిద్యం అది, మోగుతుంటే కాళ్ళు ఊరుకోవు. మగపిల్లలు ముందు ఆడుతున్నారు, ఆడవాళ్ళు వెనక నడుస్తున్నారు. స్నేహితురాలి ఆత్యా, అంటే మేనత్త, యాభై దాటిన మనిషి, ఉన్నట్టుండి చెప్పులు విప్పి నా చేతిలో పెట్టింది. కొంగు నడుముకి దోపుకుంది. కట్టుకున్నది నఊవారీ, 9 గజాల చీర. గోచీ పోసి కడతారు కాబట్టి కాళ్ళకి అడ్డం పడదు. వదినగారి చెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీదికి లాక్కెళ్ళింది. ఇద్దరూ చేతులు పెనవేసి పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరిగారు. దాన్ని ఫుగడీ అంటారు. మనం చిన్నపిల్లలకి వదిలేసిన ఒప్పులకుప్ప ఇదే. వాళ్ళ దగ్గర ముసలమ్మలు కూడా తిరుగుతారు.

పక్కన నడుస్తున్న పెద్దాయన ఒకరు కసిరారు. ఈ వయసులో రోడ్డు మీద నాచ్ ఏంటి, "లోక్ కాయ్ మ్హణతీల్?" అని. నలుగురూ ఏమంటారు అన్నమాట. ఆవిడ తిరగడం ఆపలేదు. "నాచత్ నాహీ, ఖేళతేయ్" అంది. డ్యాన్స్ చెయ్యట్లేదు, ఆడుకుంటున్నా అని.

ఆ జవాబు అప్పటినుంచీ నన్ను వదల్లేదు. ఆవిడ మాట దాటేసిందనుకున్నాను మొదట. తర్వాత గమనిస్తే మరాఠీలో ఆ తేడా నిజంగానే ఉంది. ఫుగడీ ఖేళణే, ఝిమ్మా (చప్పట్లు కొడుతూ ఆడేది) ఖేళణే అంటారు, వాటికి 'నాచణే' వాడరు. శ్రావణ మంగళవారాల్లో కొత్తకోడళ్ళు చేసే మంగళాగౌర్‌లో రాత్రంతా మేలుకుని ఎన్ని రకాలుగా తిరిగినా, ఎగిరినా, చప్పట్లు కొట్టినా వాటన్నిటికీ కలిపి పేరు 'మంగళాగౌరీచే ఖేళ్', ఆటలు. మన శ్రావణ మంగళవారం నోమూ పెళ్ళయిన 5 ఏళ్ళు చేసేదే, అయితే మనకి వాయనాలున్నాయి, ఈ రాత్రి జాగారపు ఆటలు లేవు.

'నాచ్' దగ్గరికొచ్చేసరికి వేరే బరువు పడుతుంది. తమాషా (మరాఠీ జానపద ప్రదర్శన), అందులో పాడుతూ ఆడే లావణీ, వీటి కోసం వేదికలెక్కి డబ్బులకి ఆడే స్త్రీలని సమాజం చూసిన చూపు ఆ మాటకి అంటుకుంది. అదే ఒళ్ళు, అదే తిరగడం. లోపల, ఆడవాళ్ళ మధ్య అయితే ఖేళ్. బయట, మగవాళ్ళు చూస్తుంటే నాచ్. కాబట్టి ఆత్యా చేసింది చిన్న పని కాదు. లోపలి మాటని పట్టుకుని బయటికొచ్చింది. నా మటుకు నాకు అది ధైర్యమే.

సామెతలోనూ అంగణమే, అంటే వాకిలే ఉంది చూడండి. మనం "ఆడలేక మద్దెల ఓడు" అంటాం. వాళ్ళు "నాచతా యేఈనా, అంగణ్ వాకడే" అంటారు, ఆడటం రాక వాకిలి వంకర అన్నట్టు. మనం వాయిద్యం మీద నెట్టేస్తే వాళ్ళు చోటు మీద నెట్టేశారు.

ఇంకో పాత ముక్క చెప్పాలి. గోదావరి ఒడ్డునున్న గంగాఖేడ్‌లో పుట్టి, పండరిపురంలో నామదేవుడి ఇంట్లో దాసిగా బతికిన జనాబాయి అభంగం, అంటే మరాఠీ భక్తిపాట: "డోఈచా పదర్ ఆలా ఖాంద్యావరీ, భరల్యా బాజారీ జాఈన్ మీ." తలమీది కొంగు భుజం మీదికి జారింది, నిండు బజారులోకే వెళ్తాను అని. చేత తాళం, భుజాన వీణ పట్టుకుంటాను, ఇక నన్ను వద్దనేదెవరు అంటుంది తర్వాత. అది విఠలుడి కోసం, వరాత్ కోసం కాదు. అయినా 'పదర్' అనే ఒక్క మాటలో మొత్తం భయాన్నీ, తెంపునీ పెట్టిందామె. పండరి వారీలో, అంటే పండరిపురానికి చేసే పాదయాత్రలో, తులసికోట తలమీద పెట్టుకుని నడిచే పెద్దావిడలు దారిలో ఫుగడీ తిరగడం చూసినప్పుడల్లా నాకు ఈ చరణమే గుర్తొస్తుంది.

వరంగల్ నుంచి ఒక సభ్యురాలి వ్యాఖ్య: మనకి ఈ తేడా లేదు కదక్కా? బతుకమ్మ 'ఆడతాం', కోలాటం 'ఆడతాం', మగవాళ్ళ చిందు కూడా 'ఆడటమే'. మన భాష గీత గీయలేదు.

నా జవాబు: క్రియలో గీయలేదు చెల్లీ, నిజమే. నామవాచకంలో గీసింది. 'ఆటవెలది' అంటే ఆడే స్త్రీ. నిఘంటువుల్లో నర్తకితోపాటు వేశ్య అనే అర్థమూ ఉంది. వేమన నీతులు మన పిల్లలు నేర్చుకునేది ఆ పేరున్న పద్యంలోనే. ఇంట్లో పిల్ల కాస్త గట్టిగా ఆడితే మనం 'ఆట' అన్న మాట వదిలేసి "ఏంటే ఆ గంతులు" అంటాం. మన 'నాచ్' ఆ 'గంతులు'లో దాక్కుంది.

పన్వేల్ నుంచి మరొకరు: మా వైపు ఆగ్రీ, కోళీ ఇళ్ళల్లో పెళ్ళికంటే హళద్ పెద్దదండీ. పసుపు రాత్రి ఆడవాళ్ళదే రాజ్యం. ఎవరూ ఏమీ అనరు.

నా జవాబు: అవునండీ, అన్ని కులాల్లో ఒకే కట్టుబాటు లేదు. రాసేటప్పుడు నేనే చెప్పి ఉండాల్సింది. 'పెద్దింటి' ఆడవాళ్ళ మీద ఈ మాట ఎక్కువ బరువు పెట్టింది.

ఒక్క సంగతి మిగిలింది. పోయిన శీతాకాలం అదే ఇంట్లో స్నేహితురాలి చెల్లెలి పెళ్ళి. ఈసారి పెళ్ళికూతురే ముండావళ్యా (మన బాసికంలా నుదుటికి కట్టే ముత్యాల పేట) కట్టుకుని వరాత్ ముందు ఆడుతోంది. మళ్ళీ ఎవరో ఆత్యాతో అన్నారు, పిల్ల నాచతేయ్ అని. ఆత్యా "హో, నాచతేయ్" అంది, అవును, డ్యాన్సే చేస్తోంది అని. ఖేళ్ అనలేదు. చెప్పులు మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పెళ్ళి ఊరేగింపులో ఆడితే పెద్దవాళ్ళు ఏ క్రియ వాడతారు? ఆడటం, చిందెయ్యడం, ఎగరడం, డ్యాన్స్, గంతులు... ఊరి పేరుతో సహా రాయండి.