ఫాల్స్, ఫేక్, ఫోర్జ్‌డ్: దరఖాస్తులో ఏది రాయాలి?

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాన్న పేరు మీదున్న ఎకరం ఇరవై గుంటలు అమ్మినట్టు ఒక కాగితం బయటపడింది. కింద నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో ఆయన సంతకం. మా నాన్నకు సంతకమే రాదు, జీవితమంతా వేలిముద్రే వేశారు. అది చూసినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్.

ఇంగ్లీషు దరఖాస్తులో నేను 'ఫాల్స్ డాక్యుమెంట్' అని రాశాను. టైపు చేసే అతను 'ఫేక్' అంటున్నాడు, తమ్ముడు 'ఫోర్జ్‌డ్' అంటున్నాడు. తెలుగులో అయితే దొంగ కాగితం, దొంగ సంతకం అంటే అయిపోయేది.

నాకు అర్థమైనంత వరకు ఫాల్స్ అంటే నిజం కానిది, తెలిసి చెప్పినా తెలియక చెప్పినా. ఫేక్ అంటే అసలుదానిలా కనిపించే నకిలీ. భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ చూస్తే, నష్టం చేయాలనో మోసగించాలనో ఫాల్స్ డాక్యుమెంట్ తయారు చేస్తే అది ఫోర్జరీ. అంటే ఇక్కడ 'ఫోర్జ్‌డ్' సరైన మాటేనా?

ఇంకొకటి. సాక్షిగా ఉన్నాయన మాకు దూరపు మామ. కాగితం చదవకుండా, ఎవరో చెబితే నమ్మి సంతకం పెట్టారనుకుంటున్నాను. ఆయన్ను 'లయర్' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. లై అంటే తెలిసి ఆడిన అబద్ధం కదా! ఆయన పొరపడ్డారని చెప్పడానికి 'మిస్‌టేకెన్' సరిపోతుందా?

సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లాలి. తెలిసినవాళ్లు ఆలోపు చెప్పండి, దయచేసి.