సమస్య: ‘నీరు లేని చెరువు నిండిపోయె’

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చాను, మొదటి మూడూ మీవి. నిన్న సాయంత్రం మా ఊరి చెరువు కట్ట మీద అరగంట నడిచి వస్తుంటే తట్టింది. ఏం చూశానో ఇప్పుడే చెప్పను. ఇది ఫిబ్రవరి నెలాఖరని మాత్రం గుర్తుపెట్టుకోండి.

పద్యపథికుడు:
మట్టి తెచ్చి పోసి మడుగులు పూడ్చిరి;
ఇటుక పేర్చి కట్టిరిండ్లు వరుస;
అలలు కదలు చోట నంతస్తు లేచెను;
నీరు లేని చెరువు నిండిపోయె!

నిర్వాహకుడు: ‘కట్టిరిండ్లు’లో స్వరయతి (పాదం మొదటి ‘ఇ’కి ‘ఇండ్లు’లోని ‘ఇ’ జత) చక్కగా పడింది. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లందరి బాధ ఇది. నేను చూసింది మాత్రం వేరు.

జొన్నకంకి:
తుమ్మ కొమ్మ మీద పలిసపిట్టలు వాలె
మసక వేళ గుంపు మబ్బు కరణి;
జొన్న చేలు మేసి జోరుగా నరచెను;
నీరు లేని చెరువు నిండిపోయె!

నిర్వాహకుడు: దగ్గరికొచ్చారు! మొదటి పాదంలో తు–ప యతి చెల్లదు. ‘పచ్చ తుమ్మ మీద’ అంటే సరి. రోజీ స్టార్లింగ్‌ని పలిసపిట్ట అనడం నాకెంతో నచ్చింది. కానీ చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, తుమ్మలుంటాయని తెలియనివాళ్లకు అన్వయం అందదు.

తూముగట్టు:
బురద మీద వాలె బుల్లి యుల్లంకులు
వేల మైళ్ల బాట వెడలు ముందు;
కుట్టుమిషను వోలె గుచ్చెను ముక్కులు;
నీరు లేని చెరువు నిండిపోయె!

పద్యపథికుడు: బాగుందండీ. ఒక్క సందేహం: బురద ఉందంటే నీరున్నట్టే కదా? పైగా పద్యంలో మిషను ఇముడుతుందా?

తూముగట్టు: తడి వేరు, నిలవ నీరు వేరండీ. లిటిల్ స్టింట్ అనే ఉల్లంకి పాతిక గ్రాములుంటుందో లేదో. కాళ్లు వేలెడు కూడా ఉండవు. నీళ్లు తగ్గితేనే దానికి బురదలో పురుగు దొరికేది. ఆర్కిటిక్ ఎండాకాలానికి అక్కడిదాకా పోయి గూడు పెట్టాలి కాబట్టి ఇప్పుడే తిని కొవ్వు పట్టాలి. మిషను మాట మార్చను. నిన్న ఒక్క పిట్టనే చాలాసేపు చూశాను. తల ఎత్తకుండా టకటకా గుచ్చుకుంటూ పోయింది, మా అమ్మ జాకెట్టు అంచు కుట్టినట్టే.

నిర్వాహకుడు: నేను చూసింది ఇదే! తూము దగ్గర కాసిని నీళ్లు, మిగతాదంతా బురద, దాని నిండా కదిలే బూడిద చుక్కలు. ‘వెడలు ముందు’ అనడంతో వాటి తొందర పద్యంలోకి వచ్చింది. మిషను ఉంచండి. వచ్చే వారం తేటగీతి. ఈలోగా పలిసపిట్టల కోసం ఆ తుమ్మల వైపు వెళ్లొస్తాను.