ఉక్కు కత్తులకి నూనె పూయాలా, మైనం పట్టించాలా?

బరంపురం_ఒర:
పాత కత్తులు, కటార్లు, డాళ్లు ఇంట్లో దాచుకున్న ఒడిశాలోని గంజాం, గజపతి, కొరాపుట్ జిల్లాల మనవాళ్ల కోసం ఈ చర్చ. నా పక్షం ముందే చెప్తున్నాను: తీరంలో నూనె నిలవదు, మైక్రోక్రిస్టలైన్ మైనమే (పెట్రోలియం నుంచి తీసే సన్న రేణువుల మైనం) దారి. గోడకి నిలబెట్టిన కత్తి మీద నూనె మెల్లగా మొన వైపు జారిపోతుంది, పిడి దగ్గర ఉక్కు బోసిపోతుంది. మిగిలిన నూనెకి దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్ము ఉప్పు గాలిలోని తేమని పట్టి ఉంచుతుంది. కొబ్బరి నూనె ముక్కిపోయేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది. ఆవనూనె ఆరి పసుపుపచ్చ జిగురవుతుంది, గీకితే తప్ప పోదు.

పద్ధతి ఇది. గ్లవుజులు వేసుకోండి. ఎసిటోన్‌తో అలుగు (కత్తి రేకు) మీది జిడ్డు తీసేయండి, గుడ్డకి మరక అంటనంతవరకు. అడుగు పొడవుకి బఠాణీ గింజంత మైనం చాలు. పలచగా రాసి, రెండు మూడు నిమిషాల్లో నూలు గుడ్డతో మెరుగు పెట్టాలి. మర్నాడు రెండో పూత. మన దగ్గర ఆరు నెలలకోసారి మళ్లీ వేయాలి.

జైపూర్_కొండ:
ఒర గారూ, ఎసిటోన్ గుడ్డ పిడి దాకా పోతే ఏమవుతుందో రాయలేదు. తల్వారు పిడిలో అలుగు తోకని పట్టి ఉంచేది లక్క. ఆ ఎసిటోన్ లోపలికి దిగితే లక్క మెత్తబడుతుంది, పిడి ఊగుతుంది. మైనం బాగా పాకాలని కత్తిని ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పట్టినా అదే గతి. పిడికి రెండు వేళ్ల దూరంలో తడి గుడ్డ ఆపేయాలి, అక్కడి నుంచి పొడి గుడ్డే.

గొలుసు కవచం సంగతి మరీ కష్టం. వేల రింగులు ఒకదాన్నొకటి రాసుకునే చోట మైనం చేరదు, చేరినా కదిలిస్తే చెదురుతుంది. అక్కడ మిషన్ నూనే గతి, అదీ తోలు పట్టీలకి అంటకుండా. అలుగు మీదైనా నేను నూనే అంటాను. నెలకోసారి తుడిచి రెండు చుక్కలు పూయడానికి ఐదు నిమిషాలు. ఆ వంకన కత్తిని కంటితో చూస్తాం. మైనం వేశాం కదా అని ఆరు నెలలు వదిలేస్తే, గీత పడ్డ చోట తుప్పు ఎంత దూరం పాకిందో తెలియదు.

గోపాలపూర్_రేవు:
ఇద్దరూ పైపూత దగ్గరే ఆగిపోయారు, ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. లోపల ఉప్పు ఉన్న తుప్పు మీద ఏది పూసినా అడుగున పని సాగుతూనే ఉంటుంది. తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. నారింజ పొడి రాలినా, వానాకాలంలో చిన్న చిన్న తేమ బొట్లు తేలినా తుప్పు ఇంకా బతికే ఉంది. గట్టిగా, నల్లగోధుమ రంగులో ఉన్న పాత పొరని మాత్రం ముట్టుకోవద్దు, ఆ కత్తి వయసు అందులోనే ఉంది. బతికున్న తుప్పుకి 0000 నంబరు (అతి సన్నని) స్టీల్ ఉన్ని, మిషన్ నూనె, కాస్త ఓపిక చాలు. నీళ్ల ఉక్కు మీద, అంటే అలలలా గీతలు కనిపించే పాత ఉక్కు మీద, బంగారు తీగ పొదిగిన చోట ఆ ఉన్ని కూడా వద్దు.

దసరా పూజ కూడా చూసుకోవాలి. మొనకి గుచ్చిన నిమ్మకాయ పులుసు రాత్రంతా ఉంటే ఉక్కు మీద బూడిదరంగు మచ్చ పడుతుంది. తడి గంధం, కుంకుమ కింద తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. ఆ వేళే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆల్కహాల్ గుడ్డతో ఆరబెట్టాలి. కుళాయి నీళ్లు వద్దు.

బరంపురం_ఒర:
కొండ గారూ, లక్క గురించి మీ మాట నిజం, నా పద్ధతిలో ఆ వాక్యం చేర్చుకుంటాను. గొలుసు కవచానికి నూనె, అదీ ఒప్పుకుంటాను. అలుగు విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. జైపూర్‌లో చలికాలం గాలి పొడిగా ఉంటుంది, నెలకోసారి పూత మీకు సరిపోతుంది. ఇక్కడ జూన్ నుంచి అక్టోబరు దాకా నెల చాలా ఎక్కువ గడువు.

పర్లాకిమిడి_డాలు:
డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లకి ఒక మాట. 2013 ఫైలిన్, 2018 తిత్లీ లాంటి తుఫాన్లు వస్తే కరెంటు రోజుల తరబడి ఉండదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ పెట్టె, అందులో అర కిలో సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), తేమ చూపే చిన్న మీటరు పెట్టండి, ముల్లు 50 శాతం దాటకూడదు. జెల్ రంగు మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు. నీలం జెల్‌లో ఒంటికి హాని చేసే కోబాల్ట్ ఉంటుంది, నారింజది కొనండి. ప్లైవుడ్ పెట్టె వద్దు, దాని జిగురు నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. తోలు ఒరలో కత్తి దాచడం అంతకన్నా చేటు, తోలు తేమ పీలుస్తుంది. ఒరని పక్కన విడిగా పెట్టండి.

జైపూర్_కొండ:
సరే, తీరంలో అలుగుకి మైనమే కానివ్వండి. కానీ పిడి, అలుగు కలిసే సందులోకి మైనం వెళ్లదు, తుప్పు ముందు పట్టేదీ అక్కడే. మైనం రెండు పూతలూ ఆరాక అగ్గిపుల్ల కొసతో ఒక్క చుక్క మిషన్ నూనె ఆ సందులో వేయండి. ముందు వేస్తే ఆ జిడ్డు మీద మైనం పట్టదు.