ఇంటర్ మార్కుల వెయిటేజీ: ఇంప్రూవ్‌మెంట్ రాయించాలా?

మాది వైజాగ్, గాజువాక. మావాడు ఎంపీసీ సెకండియర్ అయిపోయింది. ఫిజిక్స్ పరీక్షకి రెండ్రోజుల ముందు జ్వరం, మాత్ర వేసుకుని వెళ్లి రాశాడు, అందులోనే బాగా తగ్గాయి. మన ఏపీ ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూప్ మార్కులకి 25 శాతం వెయిటేజీ కదా, అదే టెన్షన్.

రాత్రి కరెంటు బిల్లు వెనకాల లెక్కేశాను. ఇంటర్ గ్రూప్‌లో 600 మార్కులకి 25 శాతం, సెట్‌లో 160 మార్కులకి 75 శాతం, అంటే సెట్‌లో ఒక్క మార్కు ఇంటర్‌లో దాదాపు 11 మార్కులతో సమానం! మరి ఫిజిక్స్ కోసం సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ (మార్కులు పెంచుకోడానికి మళ్లీ పరీక్ష) రాయించాలా, లేక ఆ రోజులన్నీ సెట్ మాక్ టెస్టులకే పెట్టమనాలా? రాస్తే పెరిగిన మార్కులు ర్యాంకులో కలుపుతారా? కిందటేడు ఎవరైనా ఇలా చేసుంటే చెప్పండి.

తెలంగాణలో ఈ వెయిటేజీ తీసేశారు. ఎన్‌ఐటీలకైతే మామూలుగా ఇంటర్‌లో 75 శాతం ఉంటే చాలు, ర్యాంకు మాత్రం జేఈఈదే. నాకు అదే నయమనిపిస్తుంది. మా ఆయనేమో "రెండేళ్ల చదువుకి ఆమాత్రం విలువ లేకపోతే కాలేజీకి ఎవడెళ్తాడు" అంటారు. అదీ నిజమే అనుకోండి. వాడు మాత్రం "నీ ఇష్టం అమ్మా" అని ఫోన్ చూసుకుంటున్నాడు.