సంస్కృతం, యోగా చదివిన అమ్మాయికి చెన్నైలో జీవనోపాధి ఉంటుందా?

ప్రశ్న (మైలాపూర్):
మా అమ్మాయి ఈ ఏడాది బీకాం పూర్తి చేసింది. సీఏ వైపు వెళ్తుందని మేము అనుకుంటూ ఉంటే, ఇంటి దగ్గరి సంస్కృత కళాశాలలో చేరి, దానితో పాటు యోగా శిక్షణ కూడా తీసుకుంటానంటోంది. మా నాన్నగారు నెల్లూరులో సంస్కృతం బోధించేవారు. ఆయన చాలీచాలని జీతంతో ఇల్లు నడపడం నేను కళ్లారా చూశాను. యోగా, ఆయుర్వేదాల చుట్టూ ఇంత వ్యాపారం పెరిగింది కదా, అందులో ఆ భాష తెలిసినవారికి దక్కేదేమైనా ఉందా?

జవాబు (అడయార్, యోగా శిక్షకురాలు):
నమస్కారమండీ. జూన్ 21ని యోగా దినంగా ఐక్యరాజ్య సమితి 2014లో ప్రకటించిన తరువాత నన్ను పిలిచే కార్యాలయాలు పెరిగాయి కానీ, అక్కడివారు నడుము నొప్పి తగ్గడానికీ, నిద్ర పట్టడానికీ డబ్బు ఇస్తారు తప్ప సూత్రాల అర్థం అడగరు. అడిగేది ఏళ్ల తరబడి నేర్చుకునే కొద్దిమందే. వారికి పతంజలి సూత్రాన్ని పదచ్ఛేదం చేసి చెప్పగలుగుతున్నందువల్లే వారు నా వద్ద నిలిచారు.

జవాబు (గిండీ, పేటెంట్ల పని):
ఈ భాషకు డబ్బు విలువ ఎక్కడుందో పసుపు వివాదం చూస్తే తెలుస్తుంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై మిసిసిపి విశ్వవిద్యాలయానికి 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. మన ఇళ్లలో తరతరాలుగా చేస్తున్నదే అయినా, అప్పటి అక్కడి చట్టానికి మన వంటింటి వాడుక చాలలేదు, గ్రంథస్థమైన ఆధారం కావలసి వచ్చింది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సంస్కృతంతో పాటు ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచి కూడా ఆధారాలు చూపాక 1997లో అది రద్దయింది. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం, పాత గ్రంథాల్లోని మందుల కూర్పులను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లో పేటెంట్ పరిశీలకులకు అందుబాటులోకి తెచ్చింది. శ్లోకం చదివి అర్థం తేల్చగలవారు లేనిదే ఇది జరిగేది కాదు. అయితే పేటెంట్ ఏజెంట్ పరీక్షకు సైన్సు, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ పట్టా తప్పనిసరి కనుక, మీ అమ్మాయి న్యాయశాస్త్రం మీదుగా ఇటు రావడం మేలు.

జవాబు (తాంబరం, ఆయుర్వేద వైద్యుడు):
ఒక్క మాట చేర్చాలి. భాష ఒక్కటే చాలదు. శంఖపుష్పి అన్న పేరుతో ఉత్తరాదిన ఒక మొక్కను, కేరళలో వేరొక మొక్కను వాడతారు. నిఘంటువు చూసి సరుకు కొన్నవారు నష్టపోతారు. పైగా ఈ ఊళ్లో సిద్ధ వైద్యం బలమైనది, దాని గ్రంథాలు తమిళంలో ఉన్నాయి. అమ్మాయిని పాత తమిళం కూడా చదవమనండి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. లా చదువుతూ, సాయంకాలాలు సంస్కృతం చెప్పించుకోవడానికి అమ్మాయి ఒప్పుకుంది. మైలాపూర్, మాంబళం ప్రాంతాల్లో కావ్యాలే కాక, అష్టాంగహృదయం వంటి వైద్య గ్రంథాన్ని పాఠం చెప్పేవారెవరైనా ఉన్నారా?